కిక్కర్‌కి పోటీ పెట్టండి, కానీ ఆగస్టులో

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఏ ఆదివారం చూసినా ఎవరో ఒక కిక్కర్, స్తంభాల మధ్య నుంచి తన్నాల్సిన బంతిని పక్కనుంచి పంపిస్తాడు, సాయంత్రానికల్లా ఆ జట్టు అభిమానులందరిదీ ఒకటే పాట: వీడికి పోటీ పెట్టండి, ఇంకొకణ్ణి తీసుకురండి. నేను గ్రీన్ బే ప్యాకర్స్ జట్టు అభిమానిని కాబట్టి ఈ పాట నాకూ కంఠస్థమే. కానీ ఏళ్ల తరబడి ఈ గొడవ చూశాక నాకొక గట్టి అభిప్రాయం ఏర్పడింది. పోటీ పెట్టడం తప్పు కాదు, చాలాసార్లు పెట్టకపోవడమే తప్పు, అయితే అది జులై, ఆగస్టుల్లో క్యాంపులో జరిగిపోవాలి. సెప్టెంబర్‌లో సీజన్ మొదలయ్యాక ఉన్నవాణ్ణి నమ్మాలి, లేదంటే పంపించెయ్యాలి. అతన్ని ఉంచుతూనే మంగళవారం నలుగురు ఖాళీగా ఉన్న కిక్కర్లని పిలిపించి ట్రైఅవుట్ పెట్టడం, ఆ వార్త బయటికి పొక్కనివ్వడం, "ఏమీ లేదు, మామూలుగా చూశామంతే" అని కోచ్ అనడం, ఇది మాత్రం నాకు అస్సలు నచ్చదు.

మిగతా పొజిషన్లలో పోటీ రోజూ ఉంటుంది. రిసీవర్ బాగా ఆడకపోతే తర్వాతి సీరీస్‌లో ఇంకొకడు వస్తాడు. 53 మంది రోస్టర్‌లో కిక్కర్ మాత్రం దాదాపు ఎప్పుడూ ఒక్కడే. వికెట్ కీపర్ పరిస్థితే ఇతనిదీ, పట్టిన క్యాచ్‌లు ఎవరికీ గుర్తుండవు, వదిలేసిన ఒక్కటి పదేళ్లు గుర్తుంటుంది. పైగా 2015 నుంచి ఎక్స్‌ట్రా పాయింట్ (టచ్‌డౌన్ తర్వాత ఒక్క పాయింట్ కోసం కొట్టే కిక్) కూడా సులువుగా వచ్చేది కాదు, బంతిని 15 యార్డ్‌ల లైన్‌కి జరిపాక అది 33 యార్డ్‌ల కిక్ అయింది. అంతకుముందు ఆ కిక్ కొడుతుంటే జనం టీవీ ముందు నుంచి లేచి వెళ్లిపోయేవాళ్లు.

ఇంకో ఇబ్బంది లెక్కలది. ఒక కిక్కర్ సీజన్ మొత్తంలో ఫీల్డ్ గోల్‌కి (పడితే మూడు పాయింట్లు) ప్రయత్నించేది సుమారు 30 సార్లు. నిజంగా 85 శాతం సామర్థ్యం ఉన్న కిక్కరనే అనుకుందాం, 30కి సగటున 25 లేదా 26 పడాలి. కానీ కేవలం అదృష్టం అటూ ఇటూ అయితే ఒక ఏడాది 28, ఇంకో ఏడాది 23 పడటం మామూలే. మొదటిది 93 శాతం, అందరూ కాంట్రాక్టు పెంచమంటారు. రెండోది 77 శాతం, అందరూ వెళ్లగొట్టమంటారు. మనిషి అతనే, కాలు అదే. ఒక్క సీజనే ఇంత ఊగితే ఇక ఒక్క ఆదివారం చూసి ఏం తేలుస్తాం?

ఇక్కడ మా ప్యాకర్స్ కిక్కర్ మేసన్ క్రాస్బీ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా వాదనంతా అతని కెరీర్‌లోనే ఉంది. 2012లో క్రాస్బీ 33 ప్రయత్నాల్లో 21 మాత్రమే కొట్టాడు. 64 శాతం కూడా కాదు. ఇవాళ ఏ జట్టూ ఆ నంబర్ చూస్తూ ఊరుకోదు. అప్పటి కోచ్ మైక్ మెకార్తీ సీజన్ చివరిదాకా అతన్నే ఆడించాడు, ప్రతి వారం అదే ప్రశ్న, అదే జవాబు. మాకు పిచ్చెక్కిపోయింది. కానీ సీజన్ అయ్యాక జట్టు ఏమీ జరగనట్టు కూర్చోలేదు. 2013లో జార్జియో టవెకియో అనే కుర్రాణ్ణి తెచ్చి క్యాంపు పొడుగునా ఇద్దరితో కొట్టించారు, క్రాస్బీ మూల జీతం తగ్గించి, బాగా ఆడితే తిరిగి సంపాదించుకునేలా కాంట్రాక్టు మార్చారు. అంటే పోటీ ఉత్తుత్తిది కాదు, ఓడితే ఉద్యోగం నిజంగానే పోతుంది. క్రాస్బీ గెలిచాడు, ఆ ఏడాది 37లో 33 కొట్టాడు.

సరే, ఇది ఒక్కసారి కలిసొచ్చిందిలే అనుకోవచ్చు. 2018 అక్టోబర్‌లో డెట్రాయిట్‌లో జరిగింది చూడండి: నాలుగు ఫీల్డ్ గోల్స్, ఒక ఎక్స్‌ట్రా పాయింట్ మిస్. ఒక్క మ్యాచ్‌లో 13 పాయింట్లు పోయాయి, జట్టు ఓడింది 8 పాయింట్ల తేడాతో. ఆ రాత్రి ప్యాకర్స్ అభిమానుల భాష ఇక్కడ రాయలేను. అయితే చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది, ఆ ఏడాది బంతి వెనక్కి విసిరే లాంగ్ స్నాపరూ కొత్తవాడే, దాన్ని పట్టుకుని నిలబెట్టే హోల్డరూ కొత్తవాడే, ఇద్దరూ రూకీలు. స్నాప్ నుంచి కిక్ దాకా మొత్తం సుమారు 1.3 సెకన్ల పని, అందులో ఎవరు ఏ కాస్త తడబడినా టీవీలో కనపడేది కిక్కర్ మొహమే. జట్టు అతన్ని మార్చలేదు. తర్వాతి మ్యాచ్ ఫోర్టీనైనర్స్‌తో, సోమవారం రాత్రి, క్రాస్బీ నాలుగుకి నాలుగూ కొట్టాడు, చివరిది టైమ్ అయిపోతుండగా గెలుపు కిక్, 33-30. 2019 వేసవిలో మళ్లీ పోటీ, ఈసారి శామ్ ఫికెన్‌తో. మళ్లీ క్రాస్బీయే గెలిచాడు, ఆ సీజన్లో 24కి 22.

సీజన్లో అండగా నిలబడటం, వేసవిలో నిజమైన పోటీ. రెండూ కావాలి. ఒకటే చేస్తే కుదరదు.

ఇదే 2018లో ఇంకో రెండు జట్లు ఏం చేశాయో గుర్తుందా? రెండో వారంలో బ్రౌన్స్ కిక్కర్ జేన్ గొంజాలెజ్ న్యూ ఆర్లీన్స్‌లో రెండు ఫీల్డ్ గోల్స్, రెండు ఎక్స్‌ట్రా పాయింట్లు వదిలేశాడు, ఉద్యోగం పోయింది. అదే రోజు వైకింగ్స్ రూకీ డేనియల్ కార్ల్‌సన్ గ్రీన్ బేలో మూడు మిస్ చేశాడు, చివరిది ఓవర్‌టైమ్ ఆఖర్న 35 యార్డ్‌లది, మ్యాచ్ 29-29 టై. మర్నాడే తీసేశారు. ప్యాకర్స్ అభిమానిగా ఆ మిస్ చూసి ఎగిరి గంతేసినవాళ్లలో నేనూ ఉన్నాను, అది వేరే విషయం. అసలు విచిత్రం ఏమిటంటే, కార్ల్‌సన్‌ని డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) అయిదో రౌండ్‌లో తీసుకుని, అనుభవమున్న కాయ్ ఫోర్బాత్‌తో క్యాంపులో పోటీ పెట్టి, ఇతనే మేలని తేల్చి ఫోర్బాత్‌ని పంపించింది వాళ్లే. ఆగస్టులో వచ్చిన జవాబుని సెప్టెంబర్ మూడో వారంలో చెత్తబుట్టలో పడేస్తే ఆ పోటీ ఎందుకు పెట్టినట్టు? కార్ల్‌సన్ రెయిడర్స్‌కి వెళ్లి అదే సీజన్లో 17కి 16 కొట్టాడు. అతని బదులు వైకింగ్స్ తెచ్చుకున్న డాన్ బెయిలీ 28కి 21. 2021లో లీగ్ మొత్తంలో అందరికన్నా ఎక్కువ పాయింట్లు చేసినవాళ్లు ఇద్దరు, నిక్ ఫోక్‌తో సమానంగా కార్ల్‌సన్.

ఇలా చెప్తే నేను కిక్కర్ల పక్షం అనుకుంటారు. కాదు. పోటీ లేకపోతే వచ్చే నష్టానికి రాబర్టో అగ్వాయో ఉన్నాడు. 2016లో బక్కనీర్స్ ఇతని కోసం వేరే జట్టుతో ట్రేడ్ చేసి మరీ డ్రాఫ్ట్ వరసలో పైకెళ్లి రెండో రౌండ్‌లో తీసుకున్నారు, కిక్కర్‌కి రెండో రౌండ్! అప్పటిదాకా ఉన్న కిక్కర్‌ని డ్రాఫ్ట్ అవగానే పంపించేశారు. అంత ఖర్చు పెట్టాక ఇంక పోటీ ఎవరు పెడతారు, పెడితే తాము తప్పు చేశామేమో అని ఒప్పుకున్నట్టు ఉంటుందిగా. అగ్వాయో 31లో 22 కొట్టాడు. మరుసటి ఏడాది నిక్ ఫోక్‌ని తెచ్చారు, ఆగస్టులో అగ్వాయోని వదిలేశారు. మొదటి ఏడాదే పాత కిక్కర్‌నీ అగ్వాయోనీ ఇద్దర్నీ ఉంచి ఉంటే ఒక సీజన్ మిగిలేది.

మంచి పోటీ వల్లే పుట్టిన కెరీర్లూ ఉన్నాయి. 1996లో డ్రాఫ్ట్ కాని ఆడమ్ వినటియరి పేట్రియట్స్ క్యాంపులో అనుభవజ్ఞుడు మ్యాట్ బార్‌ని ఓడించి చోటు సంపాదించాడు, రిటైరయ్యేనాటికి లీగ్ చరిత్రలో అందరికన్నా ఎక్కువ పాయింట్లు అతనివే. 2012 జనవరిలో రేవెన్స్ కిక్కర్ బిల్లీ కండిఫ్ ఏఎఫ్‌సీ ఫైనల్లో (లీగ్ ఫైనలైన సూపర్ బౌల్‌కి ముందు మెట్టు) 32 యార్డ్‌ల కిక్ మిస్ చేశాడు, జట్టు సూపర్ బౌల్‌కి పోలేదు. రేవెన్స్ కోపంతో అతన్ని మర్నాడే గెంటెయ్యలేదు, క్యాంపుకి రానిచ్చారు, పక్కన డ్రాఫ్ట్ కాని జస్టిన్ టకర్‌ని పెట్టారు. టకర్ బాగా కొట్టాడు, ఉద్యోగం అతనిదైంది, ఆ సీజన్లోనే సూపర్ బౌల్ వచ్చింది. కండిఫ్‌ది కష్టమే, కానీ అన్యాయం జరిగిందని ఎవరూ అనలేరు.

పోటీ పేరుతో తమాషా చేస్తే ఏమవుతుందో షికాగో బేర్స్ చూపించారు. 2016లో సీజన్ ముంగిట తమ కిక్కర్ రాబీ గౌల్డ్‌ని వదిలేశారు. 2017లో అతను ఫోర్టీనైనర్స్‌కి ఆడుతూ 41లో 39 కొట్టాడు, ఆ డిసెంబర్‌లో షికాగోకే వచ్చి అయిదు ఫీల్డ్ గోల్స్ కొట్టి పాత జట్టుని 15-14తో ఓడించి పోయాడు. తర్వాత 2018లో కోడీ పార్కీకి నాలుగేళ్లకి కోటీ 50 లక్షల డాలర్ల కాంట్రాక్టు, అందులో 90 లక్షలు గ్యారంటీ. అంత గ్యారంటీ ఇచ్చాక మధ్యలో పోటీ పెట్టాలన్నా చెయ్యి రాదు. నవంబర్‌లో ఒక్క మ్యాచ్‌లో నాలుగుసార్లు స్తంభానికి కొట్టాడు, ఉంచారు. 2019 జనవరి 6న ఈగిల్స్‌తో ప్లేఆఫ్, 43 యార్డ్‌లు, బంతి డిఫెండర్ చేతికి కాస్త తగిలి, స్తంభానికి తగిలి, అడ్డకర్రకి తగిలి కింద పడింది. 16-15తో బేర్స్ ఓటమి.

ఆ తర్వాత మే నెల క్యాంపులో ఎనిమిది మంది కిక్కర్లు! వాళ్లని ఒక్కొక్కర్నీ సరిగ్గా 43 యార్డ్‌ల నుంచే, జట్టంతా చూస్తుండగా కొట్టమన్నారు. ఇది కిక్కర్‌ని వెతకడమా, దయ్యాన్ని వదిలించుకోవడమా? పార్కీ మిస్ చేసిన దూరానికీ కొత్తవాడి సత్తాకీ ఏం సంబంధం? ఆఖరికి ట్రేడ్‌లో వచ్చిన ఎడ్డీ పినేరో నిలిచాడు, 28కి 23, అంటే ఫర్వాలేదు, అంతే. 2020లో అతను గాయపడితే కైరో సాంటోస్‌ని దించారు. సాంటోస్ ఆ ఏడాది 32లో 30 కొట్టాడు. అంత హడావుడి చేసి వెతికితే దొరకనివాడు గాయం పుణ్యమా అని దొరికాడు.

అందుకే పోటీ ఎలా పెడుతున్నారన్నది కూడా చూడాలి. ఇద్దరే ఉంటే చాలు. ముగ్గురు, నలుగురు అయితే ఒక్కొక్కడికి దొరికే కిక్కులు మరీ తగ్గిపోతాయి, స్నాపర్, హోల్డర్ (హోల్డర్ సాధారణంగా పంటరే, అంటే బంతిని ప్రత్యర్థి వైపు దూరంగా తన్నేవాడు, అతని పని అతనికుంటుంది) ఎవరితోనూ లయ కుదుర్చుకోలేరు. ఇద్దరికీ ఒకే స్నాపర్, ఒకే హోల్డర్, అదే గాలి, అదే దూరం, రోజు మార్చి రోజు కాకుండా ఒకే రోజు. 2021 నుంచి ప్రీసీజన్ మ్యాచ్‌లు మూడే కాబట్టి అక్కడి నంబర్లతోనే తేల్చేద్దామంటే కుదరదు, బంతి కాలిని వదిలే తీరు, ఎత్తు, మిస్ అయితే ఎటు పోతోంది, ప్రతిసారీ ఒకే వైపా, ఇవి కోచ్‌లు చూడాలి. 2024లో కిక్‌ఆఫ్ (ఆట మొదలుపెడుతూ బంతిని అవతలి జట్టు వైపు తన్నడం) నియమాలు మారాక ఇంకో పని కూడా చేరింది, బంతిని గోల్ లైన్‌కీ 20 యార్డ్‌ల లైన్‌కీ మధ్య సరిగ్గా దించగలగాలి. 60 యార్డ్‌ల నుంచి కొట్టి చప్పట్లు కొట్టించుకునేవాడు అక్కడ తేలిపోవచ్చు.

పిలిచిన రెండోవాడు నిజంగా గెలవగలిగినవాడై ఉండాలి, ఇది మాత్రం ముఖ్యం. మా ప్యాకర్స్ 2024 క్యాంపు దీనికి ఉదాహరణ. ముందటేడు తడబడిన ఆండర్స్ కార్ల్‌సన్‌కి (డేనియల్ తమ్ముడే) గ్రెగ్ జోసెఫ్‌ని పోటీగా పెట్టారు, వారాల తరబడి కొట్టించారు, చివరికి ఇద్దర్నీ కాదని టైటన్స్ వదిలేసిన బ్రేడెన్ నార్వెసన్‌ని తెచ్చుకున్నారు. క్యాంపంతా వృథా. కానీ ఆ తర్వాత చేసింది నాకు నచ్చింది. నార్వెసన్ తొలి వారాల్లో ఆగి ఆగి మిస్ చేస్తుంటే కొన్నాళ్లు ఓపిక పట్టారు, ఇక కాదనుకున్నాక ఆరు వారాల తర్వాత తీసేసి బ్రాండన్ మెక్‌మానస్‌కి ఉద్యోగం ఇచ్చారు. అతను వచ్చిన మొదటి మ్యాచ్‌లోనే టెక్సన్స్ మీద 45 యార్డ్‌ల కిక్‌తో 24-22తో గెలిపించాడు.

సీజన్ మధ్యలో ఎప్పుడు తీసెయ్యాలి అని అడిగితే నా కొలత ఇది: 50 యార్డ్‌లు దాటినవి లెక్కలోకి తీసుకోను, 40 లోపువీ ఎక్స్‌ట్రా పాయింట్లూ వరసగా పోతుంటే, స్నాపూ హోల్డూ బాగున్నా పోతుంటే, అప్పుడు తీసెయ్యండి. కొత్తవాడికి ఫోన్ చేసే ముందు ఉన్నవాడికి చెప్పండి, మంగళవారం ట్రైఅవుట్ సంగతి అతను ఫోన్‌లో వార్తల్లో చదువుకునే పరిస్థితి తేవద్దు.