మిలిటరీ జాబితాలో నా పేరు ఉండక్కర్లేదని రుజువు చేసుకున్న కథ

అమెరికాలో ఒక రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీలో నాకు ఉద్యోగం వచ్చింది. హెచ్‌ఆర్ వాళ్లు అడిగిన కాగితాల్లో ఒకటి వింతగా అనిపించింది. సెలెక్టివ్ సర్వీస్‌లో పేరు నమోదైన రుజువన్నా ఇవ్వాలి, లేదా నమోదు అక్కర్లేదని ఆ ఆఫీసే ఇచ్చే ఉత్తరమన్నా తేవాలి. యుద్ధమొచ్చి బలవంతంగా సైన్యంలోకి పిలవాల్సి వస్తే ఎవరెవరున్నారో రాసిపెట్టుకునే జాబితా అది. అప్పుడు నేను సెలవు మీద తిరుపతిలో, కొర్లగుంటలో మా ఇంట్లో ఉన్నాను.

"ఏందిరా, నిన్ను మిలిట్రీకి రమ్మంటా ఉండారా?" అని మా నాయన కంగారుపడినాడు.

రమ్మనడం లేదు. నిర్బంధ సైనిక సేవ అక్కడ 1973లోనే ఆగింది. 1975లో పేర్లు రాసుకోవడమూ మానేశారు. సోవియట్ సేనలు అఫ్గానిస్తాన్‌లోకి దిగాక, 1980లో అధ్యక్షుడు కార్టర్ హయాంలో నమోదు ఒక్కటీ మళ్లీ మొదలైంది. 18 నుంచి 25 ఏళ్ల మగవాళ్లు, గ్రీన్ కార్డున్నవాళ్లతో సహా, అందులో ఉండాల్సిందే. స్టూడెంట్ వీసా, హెచ్‌1బీల మీద సక్రమంగా ఉన్నవాళ్లకి మినహాయింపు. నాకూ మినహాయింపే, కానీ 26 నిండేదాకా మధ్యలో ఖాళీ లేకుండా సక్రమంగా ఉన్నానని నేనే చూపించుకోవాలి.

కాగితాలన్నీ నాయన బీరువాలోనే ఉన్నాయి. మూల కత్తిరించి 'క్యాన్సిల్డ్' ముద్ర కొట్టిన పాత పాస్‌పోర్టు, అందులో 2012 ఆగస్టులో షికాగోలో దిగినప్పటి ముద్ర. ఆ ముద్రే 22 ఏళ్ల దాకా నేను ఆ దేశంలో లేననడానికి ఆధారం. స్టూడెంట్ వీసా కోసం కాలేజీ ఇచ్చిన ఐ-20 పత్రాలు, మూడో పేజీలో సంతకాలతో సహా. తర్వాత హెచ్‌1బీ అప్రూవల్ నోటీసు. ఒరిజినల్స్ పంపకూడదు, నకళ్లే పంపాలి. బాలాజీ కాలనీలో జిరాక్స్ షాపతను వీసా పేజీ నల్లగా వస్తోందని ఒకటికి రెండుసార్లు తీసిచ్చాడు, ఒక్కదానికే డబ్బు తీసుకున్నాడు.

ఫారం నింపుతూ ఈ గొడవ చరిత్రంతా చదివాను. ప్రజాస్వామ్య దేశాల్లో అసలు తగువు ఎవర్ని వదిలేయాలన్న దగ్గరే వచ్చిందని నాకనిపించింది. 1863లో, అంతర్యుద్ధం మధ్యలో, 300 డాలర్లు కడితే సైన్యంలోకి పోనక్కర్లేదని అమెరికా చట్టం చేసింది. అది కూలివాడి ఏడాది సంపాదనంత. జనం తిరగబడి న్యూయార్క్ తగలబడింది, ఆ కోపం తిరిగి తిరిగి నల్లవాళ్ల మీద పడింది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో బ్రిటన్ నిర్బంధం తెచ్చినా ఐర్లండ్ జోలికి పోలేదు. ఆస్ట్రేలియా జనాన్నే ఓటడిగింది. 1916లో, 1917లో రెండుసార్లూ జనం వద్దన్నారు. వియత్నాం యుద్ధంలో కాలేజీలో సీటుంటే వాయిదా దొరికేది. అది అన్యాయమని గోల పెరిగాక ఎవర్ని ముందు పిలవాలో తేల్చడానికి 1969 డిసెంబరు 1న లాటరీ పెట్టారు. పుట్టినరోజులు రాసిన నీలం గొట్టాలు గాజు జాడీలో వేసి ఒక్కొక్కటే తీశారు. మొదట వచ్చింది సెప్టెంబరు 14. గొట్టాలు సరిగ్గా కలపలేదని, డిసెంబరులో పుట్టినవాళ్లకే ముందు నంబర్లు ఎక్కువ పడ్డాయని గణాంక నిపుణులు తర్వాత తేల్చారు. లాటరీలోనూ న్యాయం జరగలేదన్నమాట!

నన్ను తప్పించింది కూడా చదువు కాగితమే. ఈ మాట నాకంత హాయిగా లేదు.

మన రాజ్యాంగం 23వ అధికరణం కూడా ప్రజా ప్రయోజనం కోసం నిర్బంధ సేవ విధించవచ్చంటుంది, మతం, జాతి, కులం, వర్గం చూడకుండా అని షరతు పెట్టి. సైన్యం కోసం దాన్ని వాడే అవసరం రాలేదు. మా పక్కింటి కుర్రోడు అగ్నివీర్ కోసం తెల్లారకముందే యూనివర్సిటీ గ్రౌండ్‌లో పరిగెత్తుతుంటాడు. నాలుగేళ్ల కొలువు, అందులోనూ పర్మనెంటుగా ఉంచుకునేది నూటికి 25 మందినే. నా కాగితాల సంగతి చెబితే, "పిలిస్తే కూడా పోరా అన్నా అక్కడ?" అన్నాడు.

తిరిగెళ్లాక పోస్టులో పంపాను. నమోదు అక్కర్లేదని చిన్న ఉత్తరం వచ్చింది, హెచ్‌ఆర్ వాళ్లు ఫైల్లో పెట్టేసుకున్నారు.

అమెరికాలో ఉన్న అత్తో మామో చిన్నాన్నో, అంటే తల్లిదండ్రుల తోబుట్టువులు, పెట్టిన పిటిషన్ మీద తల్లిదండ్రులతో పాటు గ్రీన్ కార్డుతో పోయే కుర్రాళ్లకి మాత్రం ఈ మినహాయింపు లేదు. అలా పోయేవాళ్లుంటే పేరు ఎక్కిందో లేదో సెలెక్టివ్ సర్వీస్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. 26 నిండితే ఎక్కించుకోరు, ఆ లోటు సిటిజన్‌షిప్ దరఖాస్తులో అడ్డం తగులుతుంది. ఐ-20లు చదువైపోయినా పారేయకండి.