పట్టికలో సున్నా, మెమరీలో లీకు

సీ భాషలో మాలక్ అనే ఫంక్షన్ ఇచ్చిన మెమరీని ఫ్రీ అనే ఫంక్షన్‌తో తిరిగి అప్పగించే బాధ్యత రాసేవాడిదే కాబట్టి, కొన్నేళ్ల క్రితం ఒక సర్వర్ ప్రోగ్రాం రాస్తూ ఆ లెక్క నేనే చూసుకుందామని మాలక్, ఫ్రీ పేర్లతో రెండు మాక్రోలు (కంపైల్‌కు ముందే సోర్సులో ఒక పేరు బదులు మరో కోడ్ పెట్టే నిర్వచనాలు) పెట్టుకున్నాను. మాలక్ పిలిచినప్పుడల్లా చిరునామా, బైట్లు, ఫైలు పేరు, లైన్ నంబరు ఒక పట్టికలో చేరేవి. ఫ్రీ పిలవగానే ఆ పద్దు చెరిగిపోయేది. ప్రోగ్రాం ముగిసేసరికి పట్టిక ఖాళీగా ఉంటే లీకు, అంటే అప్పగించకుండా వదిలేసిన మెమరీ, లేనట్టేనని నమ్మాను.

పట్టిక ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. మెమరీ వాడకం మాత్రం రోజురోజుకూ పెరుగుతూ పోయింది.

చివరికి మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రిండ్ అనే సాధనం కింద నడిపాను. దానితో ప్రోగ్రాం 20 నుంచి 30 రెట్లు నెమ్మదిస్తుంది కనుక అసలు సర్వర్ జోలికి పోకుండా నా కంప్యూటర్‌లోనే కొన్ని వందల రిక్వెస్టులు పంపి చూశాను. ‘డెఫినిట్లీ లాస్ట్’ (కచ్చితంగా పోయింది) అన్న చోట అది చూపిన లైనులో ఉన్నది స్ట్ర్‌డప్, అక్షరాల వరుసను కొత్త మెమరీలోకి కాపీ చేసే లైబ్రరీ ఫంక్షన్. యూజర్ పేరును దానితో కాపీ చేసుకున్న తరువాత, రిక్వెస్టులో తేదీ తప్పుగా ఉంటే మధ్యలోనే రిటర్న్ అయ్యే దారి ఒకటుంది. ఆ దారిలో ఫ్రీ లేదు. 20 అక్షరాల ఇంగ్లీషు పేరుకు పేరు ముగిసిందని చెప్పే చివరి సున్నాతో కలిపి 21 బైట్లు పడుతుంది. 64 బిట్ల లినక్స్‌లో జీలిబ్‌సీ అనే సీ లైబ్రరీ తన లెక్క కోసం మరో 8 కలుపుకుని, 16 గుణిజానికి పెంచి, 32 బైట్లు తీసుకుంటుంది. అలాంటి రిక్వెస్టులు లక్ష వస్తే మూడు మెగాబైట్లకు పైగా పోయినట్టే.

మాక్రో మార్చేది మన సోర్సు ఫైళ్లలో కనబడే పేర్లను మాత్రమే. స్ట్ర్‌డప్ తన లోపల పిలుచుకునే మాలక్ లైబ్రరీలో ఎప్పుడో కంపైలై కూర్చుంది. ఒక లైను చదివి ఇచ్చే గెట్‌లైన్‌దీ అదే సంగతి. నిజానికి ఆధారం నా పట్టిక దగ్గరికి రోజూ వస్తూనే ఉండేది: సవ్యమైన రిక్వెస్టుల్లో ఆ పేరును ఫ్రీ చేసినప్పుడు పట్టికలో లేని చిరునామా ఎదురయ్యేది. అలాంటిది వస్తే నోరెత్తకుండా అసలు ఫ్రీకి పంపించెయ్యమని రాసినవాణ్ణి నేనే.

అదే ఫైలులో, తీసుకున్న మెమరీ పరిమాణాన్ని మార్చే రియాలక్ ఫలితాన్ని పాత పాయింటర్‌లోకే (చిరునామా దాచే వేరియబుల్‌లోకే) తీసుకున్న చోటు కూడా దొరికింది. రియాలక్ విఫలమై నల్ (ఖాళీ చిరునామా) ఇస్తే పాత చిరునామా అక్కడితో పోతుంది.

ఇప్పుడు తెలియని చిరునామా వస్తే ప్రోగ్రాం అక్కడికక్కడే ఆగిపోతుంది. ఫ్రీకి నల్ ఇస్తే ఏమీ చేయదని సీ ప్రమాణమే చెబుతోంది కనుక, ఆ ఫంక్షన్‌లో పాయింటర్లన్నిటికీ మొదటే నల్ పెట్టి, ఏ దారిన వెళ్లినా చివర ఫ్రీలన్నీ ఉన్న ఒకే లేబుల్ దగ్గరికి గోటోతో (నేరుగా మరో చోటికి దూకించే ఆదేశంతో) చేరేలా మార్చాను. గోటో చూసి మొహం చిట్లించేవారు మా టీములో ఇద్దరున్నారు.