ముందు అతికిద్దాం, తర్వాత రాద్దాం

ఇవాళ ప్రాజెక్టు టీములు ఇచ్చారు. మాది ఐదుగురి జట్టు. ఇద్దరితో మంచి చనువుంది, ఒకరితో ఎదురుపడితే పలకరింపులే, నాలుగో అమ్మాయి గొంతైతే ఈరోజే మొదటిసారి విన్నాను. రాత్రిపూట ఫోన్ వాడకం, విద్యార్థుల నిద్ర... ఇదీ టాపిక్. సర్వే చేయాలి, రిపోర్టు రాయాలి, ప్రెజెంటేషన్ ఇవ్వాలి. నాలుగు వారాల గడువు.

సాయంత్రం కూర్చున్నాం. వాట్సాప్ గ్రూపుకి పేరు పెట్టడానికే చాలాసేపు పట్టింది (పేరు బాగా కుదిరింది, అది వేరే సంగతి). తర్వాత ఎప్పుడూ వినే మాటే వచ్చింది: "ఐదు భాగాలున్నాయి, ఐదుగురం ఉన్నాం. తలా ఒకటి చేసి చివర్లో కలిపేద్దాం." వినడానికి ఎంత న్యాయంగా ఉంటుందో! కాకపోతే ఆ కలిపేది ఎవరో, ఎప్పుడో ఎవరూ అడగరు. సబ్మిషన్ ముందు రాత్రి చూస్తే ఒకరు శాతాలు రాసి ఉంటారు, ఇంకొకరు అంకెలు వేసి ఉంటారు, ముగింపులో ఉన్న మాటకి డేటాలో ఆధారమే కనబడదు.

"ముందు ఖాళీ రిపోర్టు తయారుచేద్దామా?" అందా అమ్మాయి. ఎవరికీ అర్థం కాలేదు. గూగుల్ డాక్స్ తెరిచి హెడింగులన్నీ పెట్టేసింది. ఒక్కో హెడింగు కింద అక్కడ ఏం రావాలో ఒక లైను. ఫలితాల దగ్గర ఖాళీ పట్టిక గీసి, ఒక కాలమ్‌కి 'పడుకునే ముందు ఫోన్ చూసిన నిమిషాలు', రెండోదానికి 'నిద్రపోయిన గంటలు' అని రాసింది. ఆ తర్వాత ప్రశ్నలు తయారుచేస్తానన్న అబ్బాయి వైపు తిరిగి, "ఈ రెండో కాలమ్ నీ ఏ ప్రశ్నతో నిండుతుంది?" అని అడిగింది. వాడు అప్పటికే ఫోన్లో టైప్ చేసుకున్న ప్రశ్న, "మీకు రాత్రి బాగా నిద్ర పడుతుందా?" గంటల ఊసే లేదు.

అక్కడికక్కడే ఫారమ్ మార్చి, మేమే ఉత్తుత్తి జవాబులతో నింపి చూశాం. 'ఎన్ని గంటలు నిద్రపోతారు?' అన్నదానికి షీట్‌లోకి వచ్చినవి ఇవి: 7, 7-8, ఆరేడు, "పరీక్షలప్పుడా, మామూలప్పుడా?" వీటికి సగటు ఎలా కడతాం? అంకె తప్ప ఇంకేదీ తీసుకోకుండా ఫారమ్‌లో సెట్ చేశాం. ప్రశ్నని క్లాసులున్న రోజులకి ఒకటి, సెలవు రోజులకి ఒకటిగా విడగొట్టాం. ఇదే సంగతి సర్వే అంతా అయ్యాక బయటపడి ఉంటే, జవాబులిచ్చిన వాళ్లందరి వెంటా మళ్లీ పడాల్సి వచ్చేది.

లీడర్ ఎవరన్న చర్చా నడిచింది. నా మటుకు నాకు లీడర్ లేకపోయినా జట్టు నడుస్తుంది, అతికేవాళ్లు లేకపోతే నడవదు. ఆ పని ఆ అమ్మాయికే ఇచ్చి, రాత పని తగ్గిస్తామన్నాం. "అతకడం ఒక పనేనా?" అని ఒకడు గొణిగాడు. ఎవరి భాగం ఎక్కడ తెగుతోందో చూడాలంటే రిపోర్టు మొత్తం చదివేది ఆ ఒక్కరే అని చెబితే ఊరుకున్నాడు.

మిగతా పనుల్లో ఒక్కోదానికి ఒకే పేరు రాశాం, సరిచూడటానికి పక్కన ఇంకొకరు. 'అందరం చూసుకుందాం' అన్నది ఎక్కడా ఉండకూడదని పట్టుబట్టింది నేనే. రింగెల్‌మాన్ అనే ఫ్రెంచ్ ఇంజనీరు మనుషుల చేత తాడు లాగించి, 1913లో ఫలితాలు అచ్చువేశాడు. ఎనిమిది మంది కలిసి లాగితే వాళ్ల విడివిడి బలాల మొత్తంలో సుమారు సగమే వచ్చింది. అందరూ ఒక్కసారే లాగలేకపోవడం ఒక కారణం. రెండోది 1974లో తేలింది: కళ్లకు గంతలు కట్టి, వెనక ఇంకొందరు లాగుతున్నారని నమ్మిస్తే, ఒంటరిగా లాగుతున్న మనిషి కూడా జోరు తగ్గించాడు. మా తాడు దగ్గర గంతలు లేకుండా చూసుకోవాలి, అంతే.

ఇక టైమ్. థీసిస్ రాస్తున్న విద్యార్థుల మీద 1994లో వచ్చిన అధ్యయనం ఒకటి ఉంది. సగటున 34 రోజుల్లో ముగిస్తామన్నవాళ్లకి 55 రోజులు పట్టింది. ఆ లెక్కన మా నాలుగు వారాల్లో చేతికొచ్చేది రెండున్నర వారాల పనే. అందుకని ప్లాన్ అంతవరకే వేసుకున్నాం. మొదటి వారాంతానికి ఫారమ్ ఖరారు చేసేస్తాం, ఆ తర్వాత ప్రశ్నలు మార్చేది లేదు.

డేటా శుభ్రం చేయడం నాకు పడింది. పరిచయం ఎవరు రాయాలన్నది మాత్రం తేలలేదు. అది ఆఖర్న రాయాల్సిందని నా వాదన, ఏం దొరుకుతుందో తెలియకుండా ఏమని పరిచయం చేస్తాం? ఇద్దరు ఒప్పుకోలేదు. రేపు క్లాసవగానే మళ్లీ కూర్చుంటున్నాం, అప్పుడు తేల్చుకుంటాం.