నలోక్సోన్ వెనకున్న సైకియాట్రిస్ట్

"మేడమ్, ఊపిరి అందుకుంటున్నాడు!" సిస్టర్ కేకేసింది. నల్లమందు జాతి మందు మోతాదు మించినవాళ్లకి విరుగుడుగా ఇచ్చే నలోక్సోన్ ఎక్కించి ఎంతోసేపు కాలేదు. సూదిమొనంతగా కుంచించుకుపోయిన కనుపాపలు మెల్లగా విచ్చుకుంటున్నాయి.

"సూది చేతికి వేస్తే మెదడుకెలా తెలిసిందమ్మా?" కుర్రాడి నాన్న అడిగారు.

తోచింది చెప్పాను. డ్యూటీ రూంకి వచ్చాక మాత్రం సాలమన్ స్నైడర్ గుర్తొచ్చారు. జాన్స్ హాప్‌కిన్స్‌లో సైకియాట్రీ చదివి, అక్కడే ల్యాబ్ పెట్టుకున్న డాక్టర్. 1973లో విద్యార్థిని కాండేస్ పర్ట్‌తో కలిసి, నల్లమందు జాతి మందులు పట్టుకునే రిసెప్టర్ (కణం మీద మందు అతుక్కునే చోటు) మెదడులో ఉందని చూపించారు. ఎలా? విరుగుడైన ఈ నలోక్సోన్‌కే రేడియోధార్మిక గుర్తు తగిలించి, ఎలుక మెదడు కణజాలంలో అది అతుక్కోవడాన్ని కొలిచారు. మనం ప్రాణం నిలబెట్టడానికి వాడే మందే వాళ్ల చేతిలో టార్చ్‌లైటు!

1978లో ఈ పరిశోధనలకి వైద్య పరిశోధనకిచ్చే పెద్ద బహుమతి లాస్కర్ అవార్డు స్నైడర్‌కీ, ఇంకో ఇద్దరికీ వచ్చింది. పర్ట్‌కి రాలేదు. పీజీల కష్టం తెలిసినదాన్ని కదా, నాకది ఇప్పటికీ మింగుడుపడదు.

అయినా ఆయన మీద గౌరవం తగ్గదు. సైకోసిస్ (లేనివి కనిపించడం, వినిపించడం లాంటి మానసిక జబ్బు) మందు, మెదడు కణాల మధ్య కబుర్లు మోసే డోపమైన్ అనే రసాయనపు రిసెప్టర్‌ని ఎంత గట్టిగా పట్టుకుంటే అంత తక్కువ డోసు సరిపోతుందని 1976లో తేల్చిన ల్యాబుల్లో ఆయనదీ ఒకటి. సైకోసిస్‌కిచ్చే హాలోపెరిడాల్ డోసు అంత చిన్నదెందుకని వార్డులో జూనియర్లు అడిగితే, జవాబు అక్కడే ఉంది.