ఒక్క మార్కు

రాత్రి పదకొండున్నర, నిద్ర రావట్లేదు. కారణం చెబితే నవ్వుతారు, మా ఆవిడ ఇప్పటికే నవ్వేసి పడుకుంది. ఈరోజు ఇక్కడ ఇంగ్లండ్‌లో, యార్క్‌షైర్ మోటార్‌సైకిల్ ట్రయల్స్ పోటీలో, ఏడో సెక్షన్లో, మూడో రౌండులో, నేను కాలు కింద పెట్టలేదు. పెట్టలేదంటే పెట్టలేదు. అయినా అక్కడ నిలబడి మార్కులేసే పెద్దాయన నా పేరు పక్కన ఒకటి వేశాడు.

ట్రయల్స్ గురించి ఇదివరకే బోలెడు రాశాను, కొత్తగా వచ్చినవాళ్ళకి ఒక్క ముక్క చెప్పి వదిలేస్తా. స్పీడుతో పని లేదు, సెక్షన్ అనే ఒక్కో ముక్క దారిలో రాళ్ళూ బురదా దాటుకుంటూ కాలు ఆనించకుండా బయటపడాలి. ఒకసారి ఆనిస్తే ఒక తప్పు మార్కు, రెండుసార్లకి రెండు, ఆపైన ఎన్నిసార్లు ఆనించినా మూడు, బండి ఆగిపోతే అయిదు. ఎంత తక్కువొస్తే అంత గొప్ప. చిన్నప్పుడు నా లెక్కల పేపర్లు ఈ పద్ధతిలో దిద్ది ఉంటే నేనే ఫస్టు.

అసలు ఈరోజు సంతోషంగా ఉండాల్సిన రోజు. రెండేళ్ళుగా గరాజ్‌లో ముక్కలు ముక్కలుగా పడున్న మా కోడిపుంజు, అంటే నా పాత బీఎస్‌ఏ బాంటమ్ డీ7 బండి (పేరు మా చిన్నమ్మాయి పెట్టిందే, బాంటమ్ అంటే ఎలాగూ పొట్టి కోడే కదా) నలభై సెక్షన్లూ ఒక్కసారి కూడా ఆగిపోకుండా తిరిగింది. సిలిండర్ కింద మందం ప్లేటు వేసి కంప్రెషన్ తగ్గించడం, ఫ్లైవీల్‌కి బరువు కలపడం, వెనక పళ్ళ చక్రం పెద్దది వేయడం, నెమ్మదిగా లాగాలని చేసినవన్నీ పనిచేశాయి. వెనక టైర్లో అయిదు పీఎస్‌ఐ గాలి పెడితే తడి రాయిని బల్లిలా పట్టుకుంది. సంతోషమే. అయిపోయింది.

ఇప్పుడు ఆ ఒకటి సంగతి.

దాని మూలం కుడి ఫుట్‌రెస్ట్. డీ7 ఫుట్‌రెస్ట్‌లు కూర్చుని నడిపేవాళ్ళ కోసం చేసినవి, ముందుకుంటాయి. నిలబడి నడపాలంటే వాటిని వెనక్కీ కిందికీ జరపాలి. ఎడమ పక్క ఒక్క పూటలో అయిపోయింది. కుడి పక్కన గేరూ, కిక్ రాడ్డూ రెండూ ఉంటాయి ఈ బండికి, ఆ రాడ్డు తిరిగే దారికి అడ్డం రాకూడదు. దానికితోడు నాకంటే ముందు ఈ బండిని ఏలిన మహానుభావుడెవరో, అంగుళానికి 26 మరలుండే పాత సైకిల్ థ్రెడ్ రంధ్రంలోకి మెట్రిక్ బోల్టుని బలవంతంగా ఎక్కించి పోయాడు. కొత్త బోల్టు రెండు చుట్లు తిరుగుతుంది, మూడో చుట్టుకి బిగుసుకుంటుంది, ఇంకాస్త తిప్పితే పాత మర వెండి పీచులా రాలి చేతిలోకొస్తుంది. మెట్రిక్ పానాలు పట్టవు, అమెరికా పానాలు దాదాపు పట్టి నట్టు మూలలు అరగదీస్తాయి, పాత ఇంగ్లీషు కొలతల విట్‌వర్త్ పానాలు ప్రత్యేకంగా కొనాలి. మూడు శనివారాలు పోయాయి. చివరికి రంధ్రం పెద్దది చేసి, లోపల గొట్టం పెట్టి వెల్డింగ్ చేయిస్తే కుడిది ఎడమదానికంటే ఒక వేలు వెడల్పు కిందికొచ్చింది. పోన్లే, ఎవరు చూస్తారు అనుకున్నా.

చూసింది ఏడో సెక్షన్లో ఆ రాయే. ఎక్కుతుంటే కుడి ఫుట్‌రెస్ట్ దాని మీద కిర్రుమని గీసుకుంది, బండి అటు ఒరిగింది, నేను సర్దుకున్నాను. ఫుట్‌రెస్ట్ తగిలితే తప్పు కాదు, కాలు తగిలితేనే తప్పు. ఆయన తప్పుగా చూశాడు. అడిగితే, "ఒకటే కదా" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వే ఇంకా కళ్ళముందుంది.

ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది నాన్న రాజ్‌దూత్. మా బాంటమ్ లాగే అదీ 175 సీసీ టూస్ట్రోకే, పోలండ్ బండి నమూనాతో ఫరీదాబాద్‌లో చేసినది. పొద్దున్నే ప్లగ్గు విప్పి ఉప్పు కాగితంతో గీకి, నోటితో ఊది బిగించేవాడు. నన్ను ట్యాంకు మీద తువ్వాలు మడిచేసి కూర్చోబెట్టేవాడు, పెట్రోలూ ఆయిలూ కలిసిన వాసన నా మొహానికే కొట్టేది. అద్దంకి దగ్గర గుండ్లకమ్మలో కలిసే వాగొకటి ఉంది, వానాకాలం చప్టా మునిగిపోయేది. ఒకసారి వెనక అమ్మ, ముందు నేను, మోకాలి లోతు నీళ్ళు. నాన్న ఫస్టు గేరులో, ఫుట్‌రెస్ట్‌ల మీద లేచి నిలబడి, నా తల మీదుగా చూస్తూ, నడిచే మనిషంత నెమ్మదిగా, ఒక్కసారి కూడా కాలు దించకుండా అవతలి ఒడ్డుకి చేర్చాడు. సైలెన్సర్ నీళ్ళలో బుడగలు వదిలిన చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది. నేను ఈ ఆటలోకి రావడానికి ఆ వాగే కారణమని ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు.

ఇంటికొచ్చి సాయంత్రం అయిదింటికి నాన్నకి వీడియో కాల్ చేశా. ఇండియాలో వాళ్ళకి రాత్రి పదిన్నర, నాన్న మేలుకునే ఉన్నాడు. బండి చూపించా.

"సీటేదిరా?"

"నిలబడి నడపాలి నాన్నా."

"డబ్బులిచ్చి సీటు పీకించుకున్నావా!"

వాగు సంగతి ఎత్తాను. ఆయన కాసేపు ఆలోచించి, "కాలు పెట్టకుండా ఎట్టా దాటతాంరా, రెండు కాళ్ళూ నీళ్ళలోనే ఉన్నాయి, ఒక చెప్పు కొట్టుకుపోయింది కూడా" అన్నాడు. వెనక మంచం మీంచి అమ్మ, "నేనసలు బండి ఎక్కితే కదా. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచొచ్చా" అంది.

నమ్మలేకపోయా. అమ్మ చెయ్యి నా పొట్ట చుట్టూ ఉన్నట్టు గుర్తు, గాజులు గుచ్చుకున్నట్టు కూడా గుర్తు. ఆ గాజులు ఎక్కణ్ణుంచి వచ్చాయి మరి?

అన్నం తినేటప్పటి నుంచి లోపల ఏదో తేడా కొడుతోంది. వాగులో లేని అమ్మని నలభై ఏళ్ళు బండి మీద కూర్చోబెట్టిన బుర్ర, ఏడో సెక్షన్లో కాలు సంగతి మాత్రం కచ్చితంగా చెబుతుందా? పైగా ఆ పెద్దాయన పొద్దున్నించీ యార్క్‌షైర్ చలిలో, వానలో, పైసా తీసుకోకుండా అదే రాయి పక్కన నిలబడ్డాడు. ఆయన చూసింది నా కాలునే, నేను చూసింది ముందు చక్రాన్ని. ఆ నవ్వు కూడా వెటకారం కాదేమో, ఆయన పళ్ళు చలికి కొట్టుకుంటున్నాయేమో.

అయినా ఆగలేక ఇందాకే టార్చి పట్టుకుని గరాజ్‌లోకి వెళ్ళా. కుడి ఫుట్‌రెస్ట్ అడుగున తాజా గీత, వేలెడు పొడవు, ఇనుము తళతళా మెరుస్తోంది. చూశావా అనుకున్నా, పైకే అన్నానేమో కూడా. వచ్చేస్తూ తలుపు దగ్గర బూట్ల మీద లైటు పడింది. కుడి బూటు బయటి అంచున బురద మొత్తం ఎండి ఉంది, ఒక్క చోట తప్ప. అక్కడ రెండు వేళ్ళ వెడల్పున తుడిచిపెట్టినట్టు తోలు కనిపిస్తోంది. అది రాయి తుడిచిందో, కారెక్కేటప్పుడు డోరు తుడిచిందో.

బూట్లు కడక్కుండా అక్కడే వదిలేశా. చిన్నదానికి చెప్పాలి, రేపు నేను లేచేదాకా వాటి జోలికి వెళ్ళొద్దని.