లెనిన్ సెంటరులో పేరు లేని ధారావాహిక

బెజవాడ స్టేషను బయట లెనిన్ సెంటరుకు ఆటో ఎంతని అడిగితే నూట యాభై అన్నాడు. ఆ దూరానికి అంత ఇచ్చే ఉద్దేశం లేక, మండే ఎండలో ఏలూరు రోడ్డు మీదుగా చిరాకు పడుతూనే నడిచాను. వచ్చింది బంధువుల పెళ్లికి. దాని గురించి చెప్పుకోవలసింది పెద్దగా లేదు. ముహూర్తం అర్ధరాత్రి కావడంతో పగలంతా పాత పుస్తకాల దుకాణాలకే మిగిలింది.

పోటీ పరీక్షల గైడ్ల గుట్టలు దాటి, చందమామలు ఏమైనా ఉన్నాయా అని అడిగాను. దుకాణదారు లోపలి నుంచి ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ఒక కట్ట తెచ్చాడు. ఎవరో నెలనెలా సంచికల్లోంచి 'యక్షపర్వతం' ధారావాహిక పుటలు విడదీసి, దబ్బనంతో పొడిచి, పురికొసతో కుట్టి, పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేశారు. ప్రతి భాగం మొదట్లో బ్రాకెట్లలో ముందు జరిగిన కథ క్లుప్తంగా ఉంటుంది కనుక, నడుమ ఒక నెల పుటలు చిరిగిపోయినా కథానాయకులు ఖడ్గవర్మ, జీవదత్తులు ఎక్కడున్నారో పాఠకుడికి తెలిసిపోతుంది. విశాఖలో మా అమ్మ కూడా అచ్చం ఇలాగే కుట్టి దాచింది. మా ఇంటి చెదలకు ఆ రుచి తెలియకపోతే ఈ కట్టకు రెండు వేలు చెప్పే మనిషి ముందు నేను నిలబడవలసిన అవసరం ఉండేది కాదు.

పక్కన ఆధ్యాత్మిక పుస్తకాలు తిరగేస్తున్న ఒక పెద్దాయన తొంగిచూసి, "ఇవన్నీ కుటుంబరావుగారు రాసినవే కదమ్మా?" అన్నారు.

"కాదండీ, దాసరి సుబ్రహ్మణ్యంగారు రాశారు" అన్నాను.

"ఏదీ, పేరెక్కడుంది?" అంటూ దుకాణదారు కట్టను చివరిదాకా తిప్పాడు. బొమ్మల మూల చిత్రకారుడు 'చిత్రా' సంతకం కనిపించింది గాని, రచయిత పేరు ఒక్క పుటలోనూ లేదు.

పెద్దాయన అలా అనుకోవడంలో వింతేమీ లేదు. తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా చందమామను నడిపారు. ఎవరు రాసినా అంతా ఒకే గొంతు చెప్పినట్లు వినిపించేలా కథలను తిరగరాసే పద్ధతి అక్కడ ఉండేది. 1932లో తెనాలి ప్రాంతంలోనే పుట్టిన దాసరి కూడా 1952లోనే మద్రాసు వెళ్లి ఆ సంపాదక వర్గంలో చేరి, 2006 దాకా అక్కడే పనిచేశారు. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి 'మకరదేవత', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'మాయాసరోవరం' వంటి ధారావాహికలతో రెండు మూడు తరాల పిల్లలను నెల మొదట్లో పోస్టుమ్యాన్ కోసం వీధి గుమ్మంలో నిలబెట్టిన మనిషి ఆయన. పత్రిక అంతటికీ ఒకే గొంతు ఉండాలనడం మంచి ఆలోచనే కావచ్చు. అయితే బొమ్మ వేసినవారికి దక్కిన మూలపాటి చోటు కథ అల్లినవారికి దక్కకపోవడం నాకు ఎన్నటికీ మింగుడుపడదు.

"ఆయన చివరి రోజుల్లో ఇక్కడే ఉన్నారు. 2010 జనవరిలో ఈ బెజవాడలోనే పోయారు" అన్నాను.

"మా ఊళ్లోనా!" అన్నారు పెద్దాయన. ఆ తరువాత ఆయన అడిగినవన్నీ మాంత్రికుల గురించే. సిద్ధసాధకుడు ఏ కథలో వస్తాడో ఆయనకు నాకంటే బాగా గుర్తుంది. ఆ కథలోని జయశీలుడి పేరు కూడా ఆయనే అందించారు.

ఆ ధారావాహికలు తరువాతి కాలంలో దాసరి పేరుతోనే పుస్తకాలుగా వచ్చాయి. ఆ మాట చెప్పి, కట్ట ధర తగ్గించమని అడిగాను. దుకాణదారు చలించలేదు. "కొత్తవి ఎప్పుడైనా దొరుకుతాయి మేడం. ఇలా చేత్తో కుట్టింది ఎక్కడ తెస్తాను?" అన్నాడు. అతడి మాటలో న్యాయం లేకపోలేదు గాని, రెండు వేలు మాత్రం అన్యాయమే. పదిహేను వందల దగ్గర బేరం ఆగిపోయింది. పెళ్లి చదివింపుల కవరులో తగ్గిన అయిదు వందల సంగతి మావారికి ఇంకా తెలియదు.