నూతి నీళ్ల పరీక్ష: మూడోసారికి గాని సీసా తీసుకోలేదు

రిపోర్టు నిన్ననే చేతికొచ్చింది. మాది ఒడిశాలో పర్లాకిమిడి. వర్షాలకి నుయ్యి వాసనేస్తోందని మొదలుపెట్టిన పని. గట్టు పగుళ్లు సిమెంటుతో పూడ్చడం ఒక పూట.

బ్లీచింగు ఒక రాత్రి. నుయ్యి వెడల్పు 1.8 మీటర్లు, నీళ్లు 3 మీటర్ల లోతు. 3.14×1.8×1.8×3÷4, సుమారు 7.6 ఘనమీటర్లు, అంటే 7,600 లీటర్లు. వెయ్యికి 2.5 గ్రాముల చొప్పున 19 గ్రాముల తాజా పొడి. బకెట్టులో కలిపి పది నిమిషాలు తేరనిచ్చి పైనీరే పొయ్యాలి. అడుగున దిగిన సున్నం నూతిలో పొయ్యకూడదు.

ల్యాబులో సీసా ఇవ్వడానికి మాత్రం పదకొండు రోజులు.

మొదటిసారి కూల్‌డ్రింకు సీసా కడిగి పట్టుకెళ్లాను. కౌంటరులో ఆయన దాన్ని రెండు వేళ్లతో పైకెత్తి, "బాబు షర్బతు తెచ్చారు" అని ఒడియాలో అన్నాడు. వరసలో అందరూ నవ్వారు. నాకు ఒడియా వచ్చని ఆయనకి తెలీదు. క్రిముల పరీక్షకి ఆవిరిలో శుద్ధి చేసిన సీసా వాళ్లే ఇవ్వాలిట. ఇచ్చారు. ఇంటికొచ్చి అలవాటుకొద్దీ తొలిపేశాను. అడుగున ఉన్న తెల్లపొడి సోడియం థయోసల్ఫేటు. నీళ్లలో మిగిలిన క్లోరిన్‌ని అది విరిచేస్తుంది. అది పోతే క్రిములు దారిలోనే చచ్చి, చెడ్డనీళ్లకి మంచి రిపోర్టు వస్తుంది.

కొత్త సీసాతో వెళ్తే "శనివారం తీసుకోం" అన్నారు. ఈ ముక్క గోడ మీద రాయడానికి ఎంత సున్నం ఖర్చవుతుంది? ఒకందుకు ఆలస్యమే మేలు, బ్లీచింగు వాసన పూర్తిగా పోయాకే నీళ్లు పట్టాలి.

సోమవారం పొద్దున్న మోటారు అయిదు నిమిషాలు వదిలేసి, ఇనుప కుళాయి మూతి లైటరుతో కాల్చాను (ప్లాస్టిక్‌దైతే స్పిరిట్ దూది). మూత కింద పెట్టకుండా చేత్తోనే పట్టుకుని, పైన అంగుళం ఖాళీ వదిలి నింపి, ఐసు డబ్బాలో పెట్టి ఆరు గంటల్లోపు ఇచ్చాను. నైట్రేటుకి వేరే సీసా. దాన్ని మాత్రం ఆ నీళ్లతోనే మూడుసార్లు తొలపాలి! ఇప్పుడు మా వీధిలో ఎవరు సీసా పట్టాలన్నా ముందు నన్నే అడుగుతున్నారు.

ఈ.కోలి (మలంలో ఉండే క్రిమి) లేదు. నైట్రేటు లీటరుకి 58 మిల్లీగ్రాములు, హద్దు 45. బ్లీచింగుకి ఇది పోదు, కాస్తే ఇంకా చిక్కబడుతుంది. ఆరు నెలల్లోపు పిల్లలకి ఈ నీళ్లతో పాలు కలపకూడదు. పక్కింటి మరుగుదొడ్డి గొయ్యి మా నూతికి ఇరవై అడుగుల్లో ఉంది, నైట్రేటు అక్కణ్నించే కావచ్చు. రిపోర్టు జిరాక్సు తీయించి బావగారికిచ్చాను. ఇంకా చదవలేదుట.